సత్యం కంపెనీకి కొత్త పేరు

పిల్లలూ, సత్యం అంటే నిజం. 1987లో రామలింగరాజు గారు హైదరాబాదులో పెట్టిన కంప్యూటర్ కంపెనీ పేరు కూడా సత్యమే. (అమ్మానాన్నలని అడగండి, వాళ్ళకి తెలిసే ఉంటుంది.) 2009 జనవరిలో ఆయనే ఉత్తరం రాసి, లెక్కల్లో చూపించిన డబ్బు చాలావరకు లేదని ఒప్పుకున్నారు. పేరేమో సత్యం, లెక్కలేమో అబద్ధం!

తర్వాత ఆ కంపెనీని టెక్ మహీంద్రా వాళ్ళు కొన్నారు. పాత పేరు తీసేస్తే కస్టమర్లు గుర్తుపట్టరు, అలాగే ఉంచితే నమ్మరు. ఆ జూన్‌లో ముందు తమ పేరు చేర్చి "మహీంద్రా సత్యం" అన్నారు. 2013లో రెండు కంపెనీలూ కలిసిపోయాక సత్యం అన్న మాటే పోయింది. అక్కడ నిజాయితీగా పనిచేసినవాళ్ళు వేలమంది. వాళ్ళని తలచుకుంటే నాకు కొంచెం బాధే.

రాయండి: మీరైతే ఆ పేరు ఉంచేవారా, మార్చేవారా? ఎందుకు? "నమ్మకం" అనే మాట వాడండి.