ఇద్దరు కలిసి చేయు మనస్సాధన

మనస్సునకు కలుగు దోషములకు జ్ఞానము, ధైర్యము, స్మృతి, సమాధి మొదలైనవి ఔషధములని చరక సంహిత చెప్పుచున్నది. అహితమైన విషయములనుండి మనస్సును మరలించు చికిత్సకు అందు సత్త్వావజయమని పేరు. సాధన యనగానే ఒంటరిగా కన్నులు మూసుకొని కూర్చుండుటయే మనకు తోచును. తోడుతో చేయు సాధన యొకటి కలదు. దానిని గూర్చి వ్రాయుచున్నాను.

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన టానియా సింగర్ నాయకత్వమున లైప్‌జిగ్, బెర్లిన్ నగరములలో సుమారు 300 మందికి నెలల తరబడి శిక్షణ నిచ్చిరి. మొదటి భాగము శ్వాసపైనను, శరీరముపైనను ధ్యాస నిలుపుట. తక్కిన రెండు భాగములు కరుణను పెంచుకొనుట, ఇతరుల దృష్టిని గ్రహించుట. ఈ రెంటిలోను ప్రతిదినము తోడుతో 10 నిమిషముల సాధన యుండెను.

పిదప వారిచేత పరీక్షకుల యెదుట ప్రసంగము, లెక్కలు చేయించి, ఒత్తిడి వేళ పెరుగు కార్టిసాల్ హార్మోనును కొలిచిరి. ఫలితములు 2017లో వెలువడెను. శ్వాసధ్యానము మాత్రమే చేసినవారు ఒత్తిడి తగ్గినదని చెప్పిరి గాని వారి కార్టిసాల్ తగ్గలేదు. తోడు సాధన గల శిక్షణ పొందినవారిలో అది 51 శాతము వరకు తగ్గెను. అంతమాత్రమున ఒంటరి ధ్యానము వ్యర్థము కాదు. తలవెండ్రుకలలో చేరు కార్టిసాల్ అన్ని విధముల శిక్షణలోను తగ్గినదని 2021లో తేలినది.

విధానము: ఇద్దరు ఎదురెదురుగా గాని, ఫోనులో గాని కూర్చుండవలెను. మొదటివారు 5 నిమిషములు మాటలాడవలెను. ఇటీవల కష్టము కలిగించిన సందర్భ మొకటి, కృతజ్ఞత కలిగించిన సందర్భ మొకటి చెప్పవలెను. జరిగిన కథకంటె, అప్పుడు గుండెలో, గొంతులో, కడుపులో ఏమి తోచెనో చెప్పుట ముఖ్యము. రెండవవారు మౌనముగా వినవలెను. సలహా, ఓదార్పు, విమర్శ కూడదు. పిదప రెండవవారి వంతు.

ఇందు కష్టమైనది వినుటయే. "మనసేం బాగాలేదండీ" అని ఇల్లాలు అనగానే "అన్నీ ఆలోచించకు, పడుకో" అందుము. ప్రేమతో అన్నదే యైనను మాట అక్కడ తెగిపోవును. జర్మనీలో వారమునకొక క్రొత్త తోడు నిచ్చిరి. మన వారి యెదుట నోరు కట్టుకొనుట అంతకంటె కష్టము. కనుక మొదటి వారము మీ ఇద్దరి నడుమ గల తగవులను ఎత్తకుడు. విన్నది మూడవవారికి చెప్పకుడు. రాత్రి భోజనానంతరము టీవీ ఆపి చేయుట మేలు.

హెచ్చరిక: ఇది వైద్యమునకు బదులు కాదు. వారముల తరబడి దిగులు, నిద్రలేమి ఉన్నచో మానసిక వైద్యుని చూడవలెను. వాడుచున్న మందులను మానరాదు. చావు తలంపులు వచ్చినచో క్షణము జాగు చేయక వైద్యుని కలియవలెను. 14416 నెంబరుగల ప్రభుత్వ టెలీ మానస్ సేవకును ఫోను చేయవచ్చును. కొట్టుట, భయపెట్టుట జరుగు ఇంట ఈ సాధన తగదు. అచ్చట ముందుగా కావలసినది రక్షణ.