వాంతుల మందు రాసే ముందు

చిరంజీవి సౌమ్యకు,

వచ్చే వారం నుంచి నీకు క్యాజువాలిటీ పోస్టింగ్ అని మీ నాన్న చెప్పాడు. ఆగిన గుండెను ఎలా చూడాలో అక్కడ నేర్పేవాళ్ళు చాలామందే ఉంటారు. వాంతుల గురించి మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. "ఎమెసెట్ ఒకటి, ప్యాన్ ఒకటి చేయండి సిస్టర్" అనడం మొదటి రాత్రికే నోటికి అలవాటైపోతుంది. నా బెంగంతా దాని గురించే.

యాభై దాటినవాడు, షుగరున్నవాడు, "గ్యాస్ పట్టిందమ్మా, వాంతయింది, చెమటలు పోస్తున్నాయి" అంటే ఈసీజీ చూడకుండా కదలకు. ఛాతీ నొప్పి లేకుండా ఇన్ఫీరియర్ ఎంఐ అలాగే రావచ్చు. వాంతులతో వచ్చిన పిల్లలు ఆయాసపడుతుంటే వేలు గుచ్చి షుగర్ చూడు. ఆడపిల్లయితే నెల తప్పిందా అని పక్కకు పిలిచి అడుగు, తల్లి ముందు అడగకు.

వానాకాలంలో మన పల్లెల నుంచి ఇంకో రకం కేసులొస్తాయి. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో లేస్తాడు. ఏదో కుట్టినట్టు గుర్తు కూడా ఉండదు. కాటు వేసిన చోట వాపుండదు, నొప్పుండదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. "పైకి చూడు బాబూ" అను. రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, గుటక పడకపోతుంటే వెంటనే యాంటీవీనం, వెంటిలేటర్ సంగతి చూడాలి. అలాంటివాణ్ణి వాంతి ఇంజెక్షన్ చేసి పంపేస్తే దారిలోనే ఊపిరాగిపోతుంది.

ఇక మందులు. అందరూ ముందు రాసేది ఆన్‌డాన్‌సెట్రాన్, అంటే పైన చెప్పిన ఎమెసెట్. పెద్దవాళ్ళకి 4 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఐదు నిమిషాల మీద ఇవ్వాలి. మత్తు తేదు, మంచి మందే. కానీ ఈసీజీలో క్యూటీని పొడిగిస్తుంది. రోజుల తరబడి వాంతులైనవాడికి పొటాషియం, మెగ్నీషియం అప్పటికే పడిపోయి ఉంటాయి. పైగా మానసిక రోగాల మందులో, అజిత్రోమైసినో వాడుతుంటే ఇంకా జాగ్రత్త కావాలి. ఒకేసారి 32 మిల్లీగ్రాములు ఐవీలో ఇచ్చే పద్ధతిని అమెరికాలో 2012లో తీసేయించింది ఈ భయంతోనే.

మెటోక్లోప్రమైడ్, అంటే మన పెరినార్మ్, మైగ్రేన్‌తో వాంతులయ్యేవాళ్ళకి బాగా పనిచేస్తుంది. దాన్ని గబగబా తోసేస్తే మనిషి మంచం మీద కుదురుగా ఉండలేడు, ఒళ్ళంతా ఏదోలా ఉందని లేచి పోతానంటాడు. పదిహేను నిమిషాల మీద డ్రిప్‌లో పోనిస్తే ఆ బాధ తగ్గుతుంది. పేగు అడ్డం పడ్డవాళ్ళకి అసలివ్వకు. పొట్ట ఉబ్బి, పసరు కక్కుతూ, గ్యాస్ కూడా పోవడం లేదంటే వాళ్ళకి కావలసింది రైల్స్ ట్యూబు, సర్జన్.

ఈ మందు పడుచువాళ్ళకిచ్చినప్పుడు మరీ కనిపెట్టుకుని ఉండు. ఒక రాత్రి ఇంటర్ చదివే పిల్లని నుదుట విబూది పెట్టి తీసుకొచ్చారు. కళ్ళు పైకి నిలిచిపోయాయి, మెడ ఒక పక్కకి మెలిపడింది, నాలుక లోపలికి పోవడం లేదు. గాలి సోకిందని ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నారు. పిల్లకి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి, బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. ముందురోజు వాంతులకేం వాడారని అడిగితే సంచిలోంచి పెరినార్మ్ చీటీ తీశారు. ఫెనర్గాన్ కండలో ఇచ్చాక కాసేపటికి మెడ సర్దుకుంది. తల్లి నా చేయి పట్టుకుని వదల్లేదు. ఆ ఫెనర్గాన్‌ని నరానికి మాత్రం ఇవ్వకు. నరం దాటి బయటికి కారినా, పొరపాటున ధమనిలోకి పోయినా వేళ్ళు కుళ్ళిపోయే ప్రమాదముంది.

మెల్‌బోర్న్ ఎమర్జెన్సీల్లో చేసిన ఒక అధ్యయనం 2014లో అచ్చయింది. కొందరికి ఆన్‌డాన్‌సెట్రాన్, కొందరికి మెటోక్లోప్రమైడ్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి చూస్తే అరగంటకి వికారం అందరికీ దాదాపు ఒకేలా తగ్గింది. మందులు మానేయమని కాదు నేననేది. పడుకోబెట్టి ద్రవాలెక్కించడం, "ఉన్నానమ్మా, తగ్గుతుంది" అనడం కూడా వైద్యమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్ ముక్కు దగ్గర పెట్టి గట్టిగా పీల్చమన్నా వికారం తగ్గుతుందని అమెరికా అధ్యయనాల్లో తేలింది. సిస్టర్ మందు తెచ్చేలోపు అది చేయించు.

విరేచనాలతో వాంతులయ్యే చిన్నపిల్లలకి సూది దేనికి? ఎనిమిది నుంచి పదిహేను కిలోల పిల్లకి 2 మిల్లీగ్రాముల ఆన్‌డాన్‌సెట్రాన్ నోటితో ఒక్కసారి ఇచ్చి, పావుగంట ఆగి, తల్లి చేత స్పూనుతో ఓఆర్ఎస్ పట్టించు. వేవిళ్ళతో వారాలుగా తిండి లేని గర్భిణికైతే డెక్స్‌ట్రోస్ బాటిల్ తగిలించక ముందే థయమిన్ పడాలి.

మందిచ్చిన అరగంటకి మళ్ళీ ఆ మంచం దగ్గరికి నువ్వే వెళ్ళు. తగ్గలేదంటే రెండో ఆంప్యూల్ రాసే ముందు పొట్ట మీద మళ్ళీ చెయ్యి వేసి చూడు, కనుపాపలు చూడు, తలనొప్పి ఉందేమో అడుగు. అర్థం కాకపోతే సీనియర్‌ని లేపు, విసుక్కున్నా సరే లేపు.

వేళకి తిను.

ఇట్లు,
అత్తయ్య