మోటారు దగ్గర నేర్చుకున్నవి

రాయదుర్గం చుట్టుపక్కల కొత్తగా బోరు వేసుకున్న పిల్లలు నన్ను మొదట అడిగేది, కరెంటు ఎన్ని గంటలిస్తారని. నాయనా, చెప్పాల్సింది అంతకంటే ఎక్కువే ఉంది.

1. ఏ వేళకిస్తారో అడగండి. బావులెండి బోర్ల మీద పడ్డప్పటి నుంచీ మా సేద్యం త్రీఫేజ్ వంతు మీదే నడిచింది. ఏడు గంటలన్న రోజుల్లో పగలు కొంత, రాత్రి కొంత. అర్ధరాత్రి వంతు పడితే టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడవాల్సిందే. ఆ చీకట్లో పాము కాటుకూ, షాకుకూ ఎందరో రైతులు పోయారు. తర్వాత పగలే 9 గంటలన్నారు. రెండు గంటలు తగ్గినా సరే, పగలే కావాలంటాను నేను.

2. ఆటో స్టార్టరు తీసేయండి. కరెంటు రాగానే ఆటో ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైతే నిబ్బరంగా నడుస్తాయి. దానికే ఏడెనిమిది తగిలిస్తే వోల్టేజీ పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని నియమం. కాయ ఊరే చెనిక్కాయ అన్నాళ్లు ఆగదు. అందుకే పక్క చేనోళ్లతో మాట్లాడుకుని ఐదు నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరు వేసుకోండి. కెపాసిటర్ పెట్టించండి. స్టార్టరు డబ్బాలో వోల్టేజీ ముల్లు చూడండి: 415 ఉండాల్సింది 350 దగ్గర ఊగుతుంటే బటను నొక్కొద్దు.

3. ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవండి. లైను కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించాం కదా అని ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కుతారు. మూడు బ్లేడుల్లో ఒకటి ఊడకుండా పైన అతుక్కునే ఉండొచ్చు, కింది నుంచి చూస్తే తెలీదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

4. ఉచితం ఊరికే రాలేదు. ఎన్టీఆర్ హయాంలో హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయల శ్లాబు ఉండేది. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపు వద్దని హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కదిలిన వాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత కరెంటు మీదే పెట్టారు. సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో ఈనాటికీ దాదాపు 60 కోట్ల మందికి ఇంట్లో బల్బు వెలిగే కరెంటే లేదు. దక్కినదాన్ని కాపాడుకోవాలి.

5. కరెంటు నీళ్లు పుట్టించదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప అనుకునే జిల్లా మనది. తడి చాలగానే లేచి ఆపండి, డ్రిప్ వేసుకోండి.

6. మన జిల్లా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి కదా, మనకెందుకు కోత అంటారు. అక్కడి కరెంటు గ్రిడ్డుకు పోతుంది. మన మోటారుకు వచ్చేది సబ్‌స్టేషన్‌ నుంచి, మన ఫీడరు వంతును బట్టే. ఆ వంతుల పట్టిక పంచాయతీ గోడ మీద అతికించమని అందరూ కలిసి వెళ్లి అడగండి. పిలిస్తే నేనూ వస్తాను.