పిల్లల జ్వరాలపై పరిశోధన: కోర్సు కన్నా ముందు గైడ్‌ను వెతకండి

2003 వేసవి ముగిసే రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం రావడం, వెంటనే ఫిట్స్, ఆపైన స్పృహ తప్పడం మొదలైంది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. మొత్తం 329 మంది పిల్లలు జబ్బు పడితే 183 మంది దక్కలేదు. కారణం చాందీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. 1965లోనే నాగపూర్ దగ్గరి ఓ ఊళ్లో దొరికిన వైరస్ అది. ఈ జబ్బు మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు వచ్చిన స్ట్రోక్ లాంటి సమస్య అని కొందరు వైద్యులు గట్టిగా వాదించారు. 2024లో గుజరాత్‌లో చాందీపురా మళ్లీ పిల్లల మీద పడింది. ఈ జబ్బుకు ఇంకా టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు.

పిల్లల అంటువ్యాధులపై పరిశోధన చేస్తామని వచ్చే విద్యార్థులకు ముందుగా ఈ సంగతే చెబుతాను. వాళ్లు మాత్రం దాదాపు అందరూ అడిగేది ఒకటే: ‘ఏ కోర్సు చేయమంటారు?’ ఈ రంగంలో కోర్సు పేరు రెండో విషయం. వార్డు, ల్యాబ్, ఊరు మూడింటినీ దగ్గరుండి చూపించే గైడ్ దొరకడమే అసలు విషయం.

ఎందుకో చూడండి. ఫిట్స్‌తో వచ్చిన నాలుగేళ్ల పాపకు వెన్నులో నీరు తీయాలి. అలా తీస్తే కాళ్లు పడిపోతాయని మన ఊళ్లలో భయం ఉంది. ఆ పాప తల్లికి అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పి ఒప్పించాలి. చికిత్స కోసం తీసే నీటిలో కొంత పరిశోధనకు వాడుకుంటామని, అందుకు వద్దన్నా వైద్యం ఆగదని వేరుగా చెప్పాలి. పిల్లలకు ఏడేళ్లు దాటితే తల్లిదండ్రుల సంతకం ఒక్కటే చాలదు. అర్థం చేసుకునే స్థితిలో ఉన్న పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలి. తీసిన శాంపిల్‌ను చల్లదనం పోకుండా, మూడు పొరల ప్యాకింగ్‌తో ల్యాబ్‌కు చేర్చాలి. ఐస్ కరిగిపోతే ఎంత ఖరీదైన మెషీన్ ఉన్నా ఫలితం నమ్మలేం. ఆ తర్వాత లైన్ లిస్ట్: పాప వయసు, ఊరు, జ్వరం మొదలైన తేదీ, ఆసుపత్రిలో చేరిన తేదీ. ఈ రెండు తేదీల్లో ఒకదాని చోట మరొకటి రాస్తే వ్యాధి ఎప్పుడు ఎలా పెరిగిందో చూపే గ్రాఫే తప్పుతుంది. ఇవి ఏ పుస్తకం చదివినా రావు. పక్కన నిలబడి సరిదిద్దే మనిషి కావాలి.

ఇలాంటి శిక్షణ ఎందుకు కావాలో చెప్పడానికి బిహార్‌లోని ముజఫర్‌పూర్ ఉదాహరణ ఇంకా బలమైనది. ఏటా లిచీల సీజన్లో అక్కడి పిల్లలు ఫిట్స్‌తో చనిపోతుంటే చాలాకాలం వైరస్‌నే అనుమానించారు. 2014లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి 390 మంది పిల్లల కేసులు పరిశీలించాయి. వారిలో 122 మంది మరణించారు. జబ్బు పడ్డ పిల్లలను, పడని పిల్లలను పోల్చి చూస్తే లిచీల్లోని విషపదార్థాలు, ముందురోజు రాత్రి అన్నం తినకపోవడం, రక్తంలో చక్కెర పడిపోవడం బయటపడ్డాయి. రాత్రి పిల్లలకు తప్పకుండా అన్నం పెట్టండి, ఆసుపత్రికి రాగానే గ్లూకోజ్ చూడండి అన్న సలహాలు అలా వచ్చాయి. తెలిసిన సమాధానంతో సరిపెట్టుకోకుండా ప్రశ్నను మళ్లీ మొదటి నుంచి అడగడం కూడా శిక్షణతో వచ్చేదే.

ఇలాంటి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? ఎంబీబీఎస్ చదువుతుండగానే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు దరఖాస్తు చేయొచ్చు. 1979 నుంచి నడుస్తున్న పథకం ఇది. మీ కాలేజీ అధ్యాపకులే గైడ్‌గా రెండు నెలల చిన్న పరిశోధన చేస్తారు. చిన్నదే అయినా ప్రతిపాదన రాయడం, ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లడం, నివేదిక ఇవ్వడం అన్నీ అందులో ఉంటాయి. వైద్యులకు 2012లో మొదలైన ఇండియా ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ (ఈఐఎస్) శిక్షణ ఉంది. రెండేళ్ల పాటు పనిచేస్తూనే నేర్చుకుంటారు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో 2001 నుంచి ఫీల్డ్ ఎపిడెమియాలజీ శిక్షణ నడుస్తోంది.

డాక్టర్లు కాని వాళ్లు వెనక్కి తగ్గొద్దు. చాందీపురాను మోసుకొచ్చే శాండ్‌ఫ్లైలు మట్టిగోడల పగుళ్లలో ఉంటాయి. వాటిని పట్టి గుర్తించేది కీటకశాస్త్రం చదివినవాళ్లే. మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవాళ్లు లేకుండా ఏ అధ్యయనమూ ముందుకు సాగదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ వంటి పరీక్షలతో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు. ప్రైవేటు ఉద్యోగంలో మీ తోటివాళ్లు ఇంతకన్నా ఎక్కువ సంపాదించవచ్చు. ఇంట్లో ఈ విషయం ముందే మాట్లాడుకోండి. పీహెచ్‌డీ తర్వాత ప్రయత్నించాల్సిన ఫెలోషిప్‌లలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్‌ది ముఖ్యమైనది.

ఓపిక కూడా కావాలి. పిల్లల్లో రోటావైరస్ విరేచనాలను అడ్డుకునే రోటావాక్ టీకాకు మూలమైన వైరస్ 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన శిశువుల్లో దొరికింది. డాక్టర్ ఎం.కె. భాన్ వంటివారి కృషి, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారీ, ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై ట్రయల్ అన్నీ దాటి ఆ టీకా 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి వచ్చింది. మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే దాదాపు 30 ఏళ్ల పని. దాన్ని మొదలుపెట్టినవాళ్లు ఒక తరం, ట్రయల్ దశలో ఇంటింటికీ తిరిగినవాళ్లు మరో తరం.

గైడ్‌ను ఒప్పుకునే ముందు వారి పాత విద్యార్థులు ఇద్దరితో మాట్లాడండి. వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు, పరిశోధన పత్రంలో మొదటి పేరు వాళ్లదేనా, తప్పు చేసినప్పుడు ఎవరు కూర్చోబెట్టి చెప్పారు అని అడగండి. పెద్ద సంస్థ పేరు చూసి, ఆరు నెలలకోసారి కనిపించే గైడ్ దగ్గర చేరకండి. చిన్న ప్రభుత్వ కాలేజీలో రోజూ వార్డుకు వచ్చే ప్రొఫెసర్ ఉంటే ఆయన దగ్గరకే వెళ్లండి. ఎంబీబీఎస్ విద్యార్థులైతే ఐసీఎంఆర్ ప్రకటన వచ్చేదాకా ఆగకుండా, ఈ వారమే మీ పీడియాట్రిక్స్ లేదా మైక్రోబయాలజీ విభాగంలో ఒకరిని కలిసి పరిశోధనకు ప్రశ్న ఒకటి అనుకోండి.