పడవయు సంఖ్యయు: గ్రంథాలయములు ఇతర వృత్తులనుండి గ్రహింపదగినవి

గ్రంథాలయము తన మార్గమును తానే నిర్మించుకొననక్కఱలేదు. ఇతర వృత్తులు వేసిన బాటను నడువవచ్చును. 1935లో పాతూరి నాగభూషణముగారు ప్రారంభించిన పడవ గ్రంథాలయమే ఇందులకు నిదర్శనము. కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై నడచు ప్రయాణికుల పడవలలో పుస్తకముల నుంచిరి. పాఠకుడు ఊరక కూర్చుండు గంటలను గుర్తించి, పుస్తకమును అచ్చటికే చేర్చిరి.

రెండవ పాఠము వర్తకమునుండి వచ్చినది. 1967లో బ్రిటనునందు పుస్తకములకు సంఖ్యలిచ్చు పద్ధతి విక్రేతల గిడ్డంగి అవసరములవలన పుట్టినది. 1970లో అది పదియంకెల అంతర్జాతీయ ప్రమాణమైనది. 2007లో ఇతర సరకుల సంఖ్యావిధానముతో కలియుటకై పదుమూడంకెలకు పెరిగినది.

తెలుగు గ్రంథములకు ఈ సంఖ్య మాత్రము చాలదు. ఒకే రచయిత పేరు ఒక పట్టికలో ఇంటిపేరుతోడను, వేఱొకదానిలో పొడియక్షరములతోడను, రోమను లిపిలో మఱొక రూపముతోడను కానవచ్చును. స్వరాష్ట్రమున పాఠకుడు ఎఱిగినవారి నడిగి తెలిసికొనును. గ్రేటర్ నోయిడావంటి చోట అతనికి పట్టికయే దిక్కు. పేరు కలియనిచో గ్రంథమున్నను లేనట్లే.

సిద్ధాంతవ్యాసముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నిబంధన చేసినది. వానిని భద్రపఱచు శోధగంగ నేటి పడవ. కావున ప్రతి తెలుగు శాఖయు తన ప్రకటనల మొదటి పుటలోనే రచయిత పూర్తి పేరును తెలుగు లిపిలోను, ఒకే నిర్ణీత రోమను రూపములోను, సంవత్సరముతో ముద్రింపవలెను. పడవ రేవున నున్నది; పెట్టెపై పేరు సరిగా వ్రాయుట మన పని.