బొమ్మ ఎటు తిరిగినా కాలి నంబరు మారకూడదు

సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి లింబాయత్, ఉధ్నాల్లో సాంచాలు (మరమగ్గాలు) నడిపిన వాళ్ల పిల్లల్లో కొందరు ఇప్పుడు అవే మిషన్ల కంట్రోల్ బోర్డులు బాగుచేస్తున్నారు. రిపేరుకొచ్చిన బోర్డుతో పాటు స్కీమాటిక్ రావడం అరుదు. మీటరు పట్టుకుని ఒక్కో ట్రాక్ వెతుక్కుంటూ మనమే గీసుకోవాలి. దానికి కీక్యాడ్ చాలు. 1992లో ఫ్రాన్సులో జ్యాఁ-పియెర్ షరాస్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కి పైసా కట్టక్కర్లేదు. చిక్కంతా సింబల్స్ దగ్గరే.

ఒక్క సింబల్ చేసుకుని పది బోర్డులకు వాడుకోవాలని ఎవరికైనా ఉంటుంది. ఆశ మంచిదే, కాకపోతే ఎక్కడ వదులివ్వాలో, ఎక్కడ బిగించాలో తెలియాలి. ‘మూడు కాళ్ల రెగ్యులేటర్’ అని ఒక డబ్బా గీసేసి అన్నిటికీ వాడారనుకోండి. 7805లో ఒకటో కాలు ఇన్‌పుట్, రెండు గ్రౌండ్, మూడు అవుట్‌పుట్. 7905లో ఒకటి గ్రౌండ్, రెండు ఇన్‌పుట్. ఎల్ఎం317 తీస్తే ఒకటి అడ్జస్ట్, రెండు అవుట్‌పుట్, మూడు ఇన్‌పుట్. టీఓ-220లో మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. 7805 వీపు మీది రేకు గ్రౌండు, 7905 రేకు ఇన్‌పుట్. మైకా ముక్క వేయకుండా రెండిటినీ ఒకే హీట్‌సింక్‌కి బిగిస్తే షార్టే. ఆ మాట సింబల్‌లోనే ఒక ఫీల్డుగా రాసి పెట్టండి, తెలుగులో రాసినా కీక్యాడ్ తీసుకుంటుంది.

అదే 7805, 7809, 7812లకైతే కాళ్ల వరస ఒక్కటే. ఇక్కడ వదులివ్వండి: 7805ని తల్లి సింబల్‌గా ఉంచి మిగతావాటిని దాన్నుంచి పుట్టించండి. పేరు, డేటాషీట్ మారతాయి, పిన్నులు తల్లివే. తల్లిలో తప్పు దిద్దితే పిల్లలన్నిటిలో దిద్దుకుంటుంది. బీసీ547, 2ఎన్3904లకు మాత్రం ఈ చుట్టరికం కలపకండి. చదును ముఖం మనవైపు పెట్టి ఎడమ నుంచి చూస్తే మొదటిది కలెక్టర్-బేస్-ఎమిటర్, రెండోది ఎమిటర్-బేస్-కలెక్టర్.

సోలినాయిడ్లున్న బోర్డుల్లో యూఎల్ఎన్2003 తరచూ కనిపిస్తుంది. పదహారు కాళ్ల డబ్బాగా గీస్తే వైర్లన్నీ పేజీకి అడ్డంగా పరుగెడతాయి. దాన్ని ఏడు డ్రైవర్ యూనిట్లుగా విడగొట్టి, ఒక్కోటి దాని కాయిల్ పక్కనే పెట్టుకోండి. గ్రౌండైన 8, కామన్ అయిన 9 వేరే యూనిట్‌లో ఉండాలి కాబట్టి, యూనిట్లన్నీ ఒకటేనన్న టిక్కు తీసేయండి. ఆ రెండు పిన్నుల్ని దాచే పని మాత్రం పెట్టుకోవద్దు. కాయిల్‌కి వేరే డయోడ్ లేనప్పుడు తొమ్మిదో కాలు కాయిల్ సప్లైకి కలవాలి. లేదంటే కాయిల్ ఆపిన క్షణాన ఎదురొచ్చే వోల్టేజీకి ఐసీ పోతుంది. దాచేసిన పిన్ను రిపేరు వాడి కంటపడదు.

ఈఆర్‌సీ (కనెక్షన్లలో తప్పులు పట్టే కీక్యాడ్ తనిఖీ) హెచ్చరికలు విసిగిస్తున్నాయని పిన్నులన్నిటికీ ‘పాసివ్’ అని పెట్టేసేవాళ్లున్నారు. అలా చేస్తే రెండు అవుట్‌పుట్‌లు ఎదురెదురుగా కలిసినా సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌కి ‘పవర్ అవుట్‌పుట్’, యూఎల్ఎన్ అవుట్‌పుట్‌లకి ‘ఓపెన్ కలెక్టర్’ అని పెడితే సరి. పిన్ను చివర 1.27 మిల్లీమీటర్ల గ్రిడ్ మీదే పడాలి. కాస్త పక్కకి జరిగితే వైరు తగిలినట్టే కనిపిస్తుంది, తగలదు.

మైక్రోకంట్రోలర్లలో ఒక్క కాలికే నాలుగైదు పనులుంటాయి. కీక్యాడ్ 6 నుంచి ప్రత్యామ్నాయ పేర్లు పిన్నుకే జోడించొచ్చు, బోర్డును బట్టి ఎంచుకోవచ్చు. రెసిస్టర్ పెట్టెలా గీయాలా, వంకర గీతలానా? రెండూ లైబ్రరీలో ఉన్నాయి, ఒక డ్రాయింగులో ఒకటే వాడితే చాలు.

సూరత్ మున్సిపల్ బళ్లో తెలుగు మీడియం చదివొచ్చి డేటాషీట్ ఇంగ్లీషు చూసి జంకేవాళ్లకు ఒక మాట: సింబల్‌కి ముందు కావలసింది పిన్ పట్టిక. ఒకరు పైకి చదవండి, ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూడండి. సింబల్స్‌ని సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లైబ్రరీలో కాక మీ సొంత ఫోల్డర్‌లో దాచుకోండి.

పైన నంబరు గీకేసిన ఐసీ దొరికితే పేరు ఊహించకండి. ఖాళీ డబ్బా గీసి కాళ్ల నంబర్లు మాత్రం వేయండి, పిన్ రకం ‘అన్‌స్పెసిఫైడ్’ అని ఉంచండి. మీటరుతో, స్కోపుతో తేలిన కాలికే పేరు రాస్తూ పోండి.