బాలల రక్షణ - వయోనిర్ధారణ శాసనములు

నెల్లూరు తీరమున మత్స్యకారునకు వల యెంత అవసరమో సెల్‌ఫోనును నేడంత అవసరము. చేపలు దొరకు తావులను, సముద్రస్థితిని హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఎప్పటికప్పుడు తెలుపుచున్నది. ఆ ఫోనే ఇల్లు చేరిన పిదప పిల్లల చేతికి పోవుచున్నది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. బడులకు సెలవులును ఆ కాలముననే వచ్చును. కావున మైపాడు, జువ్వలదిన్నె వంటి గ్రామముల పంచాయతి సభ్యులు ఈ విషయమును ముందుగనే ఆలోచింపవలెను.

హాని యెట్టిది? ఆటల పేర సొమ్ము పోవుట యొకటి. అసభ్య చిత్రములు కంటబడుట రెండవది. అపరిచితులు స్నేహము నటించి, ఛాయాచిత్రములు రాబట్టి, పిదప బెదరించుట అన్నిటికంటె ఘోరమైనది.

చట్టమేమి చెప్పుచున్నది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారి వివరములను గ్రహించుటకు తల్లిదండ్రుల అంగీకారము కావలెను. ఆ అంగీకారము నిజమైనదని సంస్థయే రూఢిపరచుకొనవలెను. పిల్లలను గురిచేసి ప్రకటనలు చూపరాదు. తప్పిన సంస్థకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా కలదు. 2025 నవంబరులో వెలువడిన నియమములు ఈ నిబంధన అమలునకు 18 నెలల గడువిచ్చినవి. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ చేసినది. అచ్చట జరిమానా సంస్థలకే గాని పిల్లలకు, తల్లిదండ్రులకు కాదు.

అయిన నొక చిక్కు కలదు. 18 ఏండ్లలోపు వారికి పొగాకు అమ్మరాదని 2003 చట్టము. బడ్డీకొట్టువాడు పిల్లవాని ముఖము చూచి బీడీ ఇయ్యననగలడు. ఫోను వెనుకనున్న సంస్థకు ఖాతా కనబడునే గాని చూచువాని ముఖము కనబడదు. తండ్రి పేర తెరచిన ఖాతా పెద్దవానిదిగనే లెక్కకు వచ్చును. చట్టము గడప వరకు వచ్చి నిలుచును. గడప లోపలి బాధ్యత కుటుంబముది, గ్రామముది.

పంచాయతి చేయదగిన పనులు:

1. పిల్లల కొరకు సహాయ సంఖ్య 1098, సొమ్ము మోసములకు 1930. వీనిని బడి గోడపైన, పడవల రేవునందును వ్రాయింపవలెను.

2. బాలలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపుట 2012 పోక్సో చట్టము విధించిన ధర్మము. దాచినవారికి ఆరు నెలల వరకు జైలు కలదు. కులపెద్దలు రాజీ చేయుటకు ఇందు తావు లేదు.

3. బెదరింపు సందేశములను చెరిపివేయరాదు, అవి సాక్ష్యములు. బాధిత బాలుని, బాలిక పేరును సభలో పలుకరాదు.

4. వయస్సు రుజువు పేర అపరిచితులకు ఆధార్ వివరములు ఈయరాదని తల్లులకు తెలుపవలెను.

బెదరింపునకు లోనైన బిడ్డ మొదట భయపడునది ఇంటివారి కోపమునకే. దండించినచో బిడ్డ నోరు మూతపడును, నేరగాడు నిర్భయుడగును. ఓదార్చి విన్నచో నేరగాడు పట్టుబడుటకు దారి ఏర్పడును.

చర్చనీయాంశములు: మీ గ్రామమున బిడ్డ మొదట ఎవరితో చెప్పుకొనగలదు? వేట నిషేధపు దినములలో పిల్లలకు ఆటస్థలము, గ్రంథాలయము తెరచియున్నవా?